బురుజుగడ్డ కమిటీ గుంత

భూపతికి వాసన తెలియదు. అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. పద్దెనిమిదేళ్ళు సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి మీద పని చేసీ చేసీ అతని ముక్కు తన పని మానుకుంది. ఒక చేత్తో పైపు పట్టుకుని ఇంకో చేత్తో మిర్చిబజ్జీ తినగలడు. మూత తెరవగానే ఇంటివాళ్ళు కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని పరుగెత్తుతుంటే, అతను గుంత అంచున గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూస్తూ, "గింతేనా? ఒక్క ట్రిప్పుల అయిపోతది" అనేవాడు. అసహ్యమనేది బయటివాళ్ళకు పట్టే జబ్బని అతని నమ్మకం.

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు. ఉదయం పది గంటలకు భూపతి, అతని బామ్మర్ది మల్లేశ్ ట్యాంకరు తీసుకుని బురుజుగడ్డకు వెళ్ళారు.

బురుజుగడ్డ ఇప్పుడు సిద్దిపేటలో చిన్నకోడూరు దిక్కున ఒక వార్డు, అంతే. ఒక సెల్‌ఫోన్ దుకాణం, రెండు ఇంగ్లీషు మీడియం బడులు, చెత్త వేరు చేయమని చెప్పే పాట పెట్టుకుని తిరిగే బండి. కానీ ఆ సందు చివర ఒక పాత పెంకుటిల్లుంది. దాని నొసట సున్నంతో పోతపోసిన అక్షరాలు సగం రాలిపోయి, సగం మిగిలాయి. 'టౌన్ కమిటీ' అని చదువుకోవచ్చు. దాన్ని బాగుచేసి లైబ్రరీ చేస్తున్నారు. వెనక పెరట్లో కొత్త మరుగుదొడ్ల కోసం పునాది తవ్వుతుంటే కూలీలకు నాలుగు పెద్ద బండలు తగిలాయి. ఒక బండ లేపి చూసి, కింద తడిగా గుంత కనిపించగానే దూరం జరిగారు. అందుకే భూపతికి కబురు వచ్చింది.

వరండాలో ఒకమ్మాయి పాత పుస్తకాలు ముందేసుకుని రాసుకుంటోంది. పేరు వందన. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. లైబ్రరీ ముందు పెట్టే బోర్డు మీద ఈ కమిటీ చరిత్ర రాసిచ్చే పని ఆమెది. పక్కనే గోడకానుకుని ఎనభై ఏళ్ళ ముసలాయన కూర్చున్నాడు. సారయ్య. ఆ కమిటీ ఆఫీసులో ఒకప్పుడు అటెండరు. గతం చెప్పేందుకు ఆమే పిలిపించింది.

"అన్నా, ఇరవై రెండేండ్లు ఇది వేరే టౌను, ఎరుకేనా?" అంది వందన, భూపతి పైపు విప్పుతుంటే. "చైర్మన్, తొమ్మిది మంది మెంబర్లు. సుంకం వసూలుకు సొంత నాకా, సొంత వీధి దీపాలు. మొదటి పుస్తకాలన్ని ఉర్దూల ఉన్నయి, తర్వాత తెలుగు. ఒక్క ఆర్డరుతోని సిద్దిపేటల కలిపేసిన్రు."

"దీపాలు నేనే ముట్టిస్తుంటి," అన్నాడు సారయ్య, గడ్డం పైకెత్తి. "పొద్దుగూకంగనే నిచ్చెన భుజాన ఏసుకొని నలభై కందీళ్ళు. మా కమిటీ అంటే సిద్దిపేటోళ్ళు సుత లేచి నిలవడుతుండిరి."

"మరి గీ గుంత ఏంది తాతా?"

సారయ్య ఎత్తిన గడ్డం దించేశాడు. వందనే చెప్పింది. అప్పట్లో ఇళ్ళల్లో ఇప్పటి మరుగుదొడ్లు లేవు. పెరటి గోడకు చిన్న కంత, దాని వెనక సన్నని సందు. తెల్లారకముందే పాకీ పని ఆడవాళ్ళు రేకుతో గీకి, గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని తెచ్చి ఈ పెద్ద గుంతలో పోసేవాళ్ళు. అది మక్కితే రైతులు ఎరువుకు తోలుకుపోయేవాళ్ళు. చుట్టూ రాతికట్టు, రెండు నిలువుల లోతు.

ఆ సంగతి భూపతికి కొత్త కాదు. అతని తల్లి కొండవ్వ పుట్టిల్లు ఈ బురుజుగడ్డే. వాళ్ళమ్మ, వాళ్ళక్క ఇద్దరూ ఆ గంపలు మోసినవాళ్ళే. ఆ అక్క పేరు లక్ష్మీబాయి. పంతొమ్మిదేళ్ళ వయసులో ఎవరో లారీ డ్రైవరుతో బొంబాయి పోయిందని చెప్పుకునేవాళ్ళు. ఆ పేరు ఇంట్లో ఎత్తితే కొండవ్వ లేచి అవతలికి పోయేది.

"ఇగో, ఇది వినన్నా," అని వందన ఒక పుట మీద వేలు పెట్టి చదివింది. "'ఆఫీసు వెనుక నున్న పెద్ద గుంతను ఈ దినము నుండి మూసివేసి, బండలు పరచి సున్నము వేయవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. కారణము: దుర్వాసన.'"

భూపతి పకపకా నవ్వాడు. "పియ్యి గుంత కంపు గొడ్తదని వాళ్ళకు గా రోజే తెల్సిందా మేడమ్?"

వందన కూడా నవ్వింది. సారయ్య నవ్వలేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద రుద్దుకుంటూ ముసురు వైపు చూస్తున్నాడు.

మూసి యాభై ఏళ్ళు దాటిన గుంత. అందులో ఉంటే గింటే ఎండి మన్నయిపోయిన ఎరువుండాలి. కానీ పైపు దింపగానే మోటారు గుడగుడమని లాగడం మొదలుపెట్టింది. నల్లగా, చిక్కగా, బెల్లం పాకంలా ఉంది. భూపతి పైపు మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది.

నాలుగు వేల లీటర్ల ట్యాంకరు పన్నెండు నిమిషాల్లో నిండింది. గుంతలో మట్టం వేలెడు కూడా దిగలేదు.

మల్లేశ్ బండి ఖాళీ చేసుకురావడానికి శుద్ధి కేంద్రానికి పోయి మధ్యాహ్నం రెండు గంటలకు తిరిగొచ్చాడు. అప్పటికి వందన క్లాసు ఉందని వెళ్ళిపోయింది. కూలీలు వానకు పని ఆపి ఇళ్ళకు పోయారు. మల్లేశ్ క్యాబిన్ దిగకుండానే భూపతిని చెయ్యూపి పిలిచాడు.

"బావా... ఆడ వాల్వు తిప్పితే చుక్క రాలే."

"ఏదన్న అడ్డం పడ్డదేమో."

"నేను సుత గట్లనే అనుకొని ఎన్క మూత ఇప్పిన. లోపల నీళ్ళు లేవు. గిది ఉన్నది."

సీటు కింది యూరియా సంచి తెరిచి చూపించాడు. వెంట్రుకలు. తడిసి, జిడ్డుగా, ఒకదానికొకటి చుట్టుకుని చచ్చిన జంతువులా ఉన్నాయి. మంగలి దుకాణాలవి కాలువల్లో బోలెడన్ని చూసిన భూపతి ఒక కొస పట్టుకుని లాగాడు. లాగినకొద్దీ వస్తోంది. మూరెడు, రెండు మూరలు, నాలుగు. పట్టుకున్న కొస నల్లగా ఉంది. కొంత పోయాక నెరుపు. తర్వాత తెలుపు. పచ్చబారిన తెలుపు.

"ఒక్కటే ఎంట్రుక, బావా," అన్నాడు మల్లేశ్ గొంతు తగ్గించి. "ఒక కొస పడుసుది, ఒక కొస ముసలిది. లోపట ఉండి పెరిగినట్టు."

"నోర్ముయ్. ఇంకో ట్రిప్పు కొట్టు."

రెండోసారి నింపుకుని మల్లేశ్ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు దండం పెట్టుకున్నాడు. గుంత మాత్రం నిండుగా అలాగే ఉంది.

నాలుగవుతోంది. మబ్బు దట్టంగా కమ్మి, పెరడంతా సాయంత్రం దాటినట్టయింది. పెంకుల మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. వరండాలో సారయ్య ఒక్కడు. కోడలు వచ్చి తీసుకుపోవాలి, ఇంకా రాలేదు. భూపతి గుంత అంచున కూర్చుని బీడీ తీశాడు.

నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

ముందు అది వాసనని అతనికి తెలియలేదు. నాలుక మీద ఏదో జిడ్డు పేరుకున్నట్టనిపించింది. ఉమ్మేశాడు. మళ్ళీ పేరుకుంది. గొంతు వెనక నుంచి మెల్లగా పైకెక్కి ముక్కులోకి వచ్చింది. అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత వాసన తెలిసింది.

మురిగిన కొబ్బరినూనె. తడిసి మక్కిన నూలుచీర. రోజుల తరబడి తిండిలేని మనిషి నోరు తెరిస్తే వచ్చే పుల్లటి ఆవిరి. వీటన్నిటి అడుగున తియ్యగా, చిక్కగా ఇంకేదో... అది పియ్యి వాసన కాదు. మనిషి వాసన. మూత పెట్టి దాచిన మనిషి వాసన.

పొద్దున తిన్న ఇడ్లీ గొంతులోకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వినబడింది. లేపని మూడు బండల కింద, రాతికట్టు మీద...

గర్... గర్... గర్...

రేకుతో రాయిని గీకుతున్న చప్పుడు. ఆగి ఆగి. అలసిపోయినవాళ్ళు చేసే పనిలా.

భూపతి వెనక్కి తిరిగి చూశాడు. సారయ్య వరండాలో లేచి నిలబడ్డాడు.

"ఇంక గీకుతనే ఉన్నదా?" అన్నాడు, భూపతిని కాదు, ఎవరినో అడిగినట్టు.

"ఎవరు తాతా?"

సారయ్య కూలబడ్డాడు. భూపతి పరుగున వెళ్ళి రెక్క పట్టుకున్నాడు. ముసలాయన చెప్పాడు. కొంత ఏడుస్తూ, కొంత ఎవరి కథో చెబుతున్నట్టు.

"ముసురే, గిట్లనే. తెల్లారంగ గంప బోర్లిస్తుంటే అంచు జారి పడ్డది. మెడ దాక మునిగింది. రాయి పట్టుకొని మొత్తుకుంటున్నది. వాళ్ళోళ్ళంత చిన్నకోడూరుల సావుకు పోయిన్రు, దిగెటోడు లేడు. చైర్మన్ వచ్చిండు, మెంబర్లు వచ్చిన్రు. అందరి ముక్కులకు రుమాళ్ళు. ఎవరు దిగుతరు బిడ్డా? దిగితే పది తానాలు చేసినా పోతదా అన్నరు. ఆఖరికి తాడు ఏసినం. నేను, ఇంకొకడు. పట్టుకున్నది. లాగినం. సగం పైకొచ్చింది..."

"మరి?"

"ఆ మొఖం, ఆ నెత్తి... ఆ కంపు ఒక్కపారి మొఖాన కొట్టె. నాకు కక్కొచ్చింది. నోరు మూసుకుందామని చెయ్యి తీసిన. తాడు ఇడిసిన."

గర్... గర్...

"మల్ల ఎవలు పట్టలే. పగటిపూట మీటింగు పెట్టిన్రు. పొద్దుగూకే వరకు బండలు తెచ్చిన్రు. సున్నం నేనే కలిపిన."

"సచ్చిందా అప్పటికి?"

సారయ్య తల అడ్డంగా ఊపాడు. మూడు వేళ్ళు చూపించాడు.

"మూడు రోజులు. కందీళ్ళు తుడుసుకుంట ఇన్న. మూడు రోజులు గీకింది."

భూపతి అతని రెక్క వదిలేశాడు. పట్టుకోవాలంటే అసహ్యమనిపించింది. ఆ చేతులు, ఆ గోళ్ళు, ఆ నోటి చివర్ల తెల్లటి నురుగు. గుంత కంటే ఈ వరండాయే ఎక్కువ కంపు కొడుతోంది.

"పేరేంది?"

"లక్ష్మీబాయి. వాళ్ళ చెల్లె చిన్నది, పదకొండేండ్ల పోరి, అక్క ఏదని అడగవచ్చింది. లారెక్కి పోయింది బిడ్డా అని నేనే చెప్పిన."

వరండా ఎప్పుడు దిగాడో తెలియదు, భూపతి వానలో గుంత దగ్గర నిలబడి ఉన్నాడు. గీకుడు ఆగింది.

వంగి చూశాడు. నల్లటి మట్టం మీద వాన చుక్కలు పడుతున్నాయి. కానీ గుంటలు పడటం లేదు, తోలు మీద పడినట్టు జారిపోతున్నాయి.

"పెద్దవ్వా," అన్నాడు మెల్లగా. "నేను కొండవ్వ కొడుకును."

మట్టం కదిలింది. ఒక బుడగ లేచి, ఉబ్బి, పగిలింది. వెచ్చటి ఆవిరి మొహానికి తగిలింది. బండల కింది చీకట్లో నుంచి గొంతు కూడా కాని ఒక ఊపిరి...

"అందుకో..."

ముందు గంప అంచు కనిపించింది. వెదురు గంప. మెల్లగా పైకి లేచింది. నిండుగా ఉంది, తొణుకుతోంది. దాని కింద రెండు చేతులు. మోచేతుల దాకా తెల్లగా ఉబ్బి, సున్నానికి ఉడికి, తోలు తడిగుడ్డలా మడతలు పడి వేలాడుతోంది. వేళ్ళకు గోళ్ళు లేవు. చేతుల కింద ఏదో గుండ్రంగా తేలుతోంది, దాని చుట్టూ వెంట్రుకలు... భూపతి అటు చూడలేదు.

"అందుకో బిడ్డా... నెత్తి గుంజుతున్నది..."

గంప అతని ఛాతీ దాకా వచ్చి ఆగింది. చేతులు వణుకుతున్నాయి. బరువు మోసీ మోసీ ఇక మోయలేనివాళ్ళ చేతుల్లా.

అందుకోవాలనే అనుకున్నాడు. దేవుడి సాక్షిగా అనుకున్నాడు. రెండు చేతులూ చాచాడు కూడా. వేలు అంచుకు తగిలింది. వెచ్చగా, మెత్తగా... ఆ మెత్తనిదాంట్లో ఏదో మెసిలి అతని వేలికి చుట్టుకుంది.

భూపతి చేతులు వెనక్కి లాక్కున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

గంప ఒక్క క్షణం గాల్లో అలాగే ఉంది. తర్వాత, అలవాటైనవాళ్ళలా, తొందర లేకుండా చేతులు కిందికి దిగాయి. మట్టం మూసుకుంది. ఒక్క చుక్క కూడా చిందలేదు.

మల్లేశ్ వచ్చేసరికి భూపతి వరండా మెట్టు మీద వాంతి చేసుకుంటున్నాడు. పక్కన సారయ్య అరచేతులు నేలకేసి రుద్దుతున్నాడు. చర్మం లేచి రక్తం వస్తున్నా ఆపలేదు. కోడలు వచ్చి లేపుకుని పోయింది.

తెల్లారి జేసీబీ తెచ్చి నాలుగు బండలూ తీశారు. గుంతలో చుక్క తడి లేదు. ఎండిన మన్ను, గడ్డ కట్టిన సున్నం, అంతే. అడుగుదాకా తవ్వినా ఎముక కూడా దొరకలేదు. ఒక రేకు ముక్క దొరికింది. అరిగి అరిగి రూపాయి బిళ్ళంత అయింది. రాతికట్టు మీద అడుగు నుంచి పైదాకా గీతలున్నాయి. పై బండకు జానెడు దూరంలో ఆగిపోయాయి. వందన వాటిని ఒక్కొక్కటే వేలితో తడిమింది. భూపతి నోట జరిగింది విని, బోర్డు మీద లక్ష్మీబాయి పేరు రాస్తానంది. లైబ్రరీ పెద్దలు చైర్మన్, మెంబర్ల పేర్లు చాలన్నారట. ఆమె కాగితాలన్నీ వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

భూపతి ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చోలేకపోయాడు. పప్పులోనూ అదే వాసన, పాలలోనూ అదే. భార్య ఉషా దగ్గరికొస్తే ఆమె చెమటలోనూ అదే. మనుషులందరూ లోపల అదే వాసనని అతనికి ఇప్పుడు తెలుస్తోంది.

బండలు తీసిన రోజు సాయంత్రం తల్లికి అంతా చెప్పాడు. కొండవ్వ ఏడవలేదు. కాళ్ళు చాపుకుని గోడకానుకుని వింది.

"లారెక్కిందన్నందుకు మా నాయిన సచ్చేదాక తలెత్తలే," అంది. "నేను సుత దాన్ని తిట్టుకుంటనే పెరిగిన." కొడుకు వైపు తిరిగింది. "గంప అందుకున్నవా?"

భూపతి తల దించుకున్నాడు.

"నువ్వు సుత అందుకోలేదారా?"

"కక్కొచ్చింది, అవ్వా."

ఆ రాత్రి, మరునాటి రాత్రి కూడా కొండవ్వ పడుకోలేదు. ముందు గదిలో తలుపు గొళ్ళెం తీసిపెట్టి కూర్చుంది. ఎందుకని ఉషా అడిగితే, "చెయ్యి ఖాళీ లేనోళ్ళు తలుపెట్ల కొడ్తరు?" అంది.

మూడో రోజు తెల్లవారుజామున భూపతి లేచాడు. తెల్లటి వెలుతురు కిటికీలోకి అప్పుడప్పుడే వస్తోంది. వాన వెలిసింది. బాత్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని తిరిగి వచ్చాడు. రెండు నిమిషాలు పట్టిందో లేదో.

కొండవ్వ అతని పరుపు పక్కన కూర్చుని ఉంది. ఒక చేత్తో విసనకర్ర ఊపుతోంది, మెల్లగా, చంటిపిల్లకు విసిరినట్టు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాడు. గదంతా ఆ వాసన. ఆమె ముక్కుకు కొంగు పెట్టుకోలేదు.

"అవ్వా?"

ఆమె పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగ," అంది గుసగుసగా. "గిప్పుడే పండుకున్నది."

భూపతి పరుపు వైపు చూశాడు. దుప్పటి తను తోసేసిపోయినట్టే ఓ పక్కకు పడి ఉంది. పరుపు మీద ఎవరూ లేరు.

దిండు మాత్రం, నడుమ ఒకచోట, ఇంకా కొంచెం కొంచెంగా దిగుతోంది.